కుత్బిగూడకు వెళ్ళిన జవాబు కార్డు

ఏడేళ్ళుగా వామన్‌రావు స్నానం చేసేటప్పుడు గోడకేసి చూడడు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఆయన కిరాయికుంటున్న ఇంట్లో స్నానాలగది గోడలకు తెల్ల టైల్స్, మధ్య మధ్యలో నల్ల టైల్స్. వేసిన మేస్త్రీకి ఒక వరసా లేదు, పాడూ లేదు, చేతికి ఏది దొరికితే అది అంటించుకుంటూ పోయాడు. కానీ వామన్‌రావు కళ్ళకు ఆ నల్లవన్నీ జరిగి జరిగి ఒక పద్ధతిలో కూర్చుంటాయి. అడ్డంగా పదకొండు గడులు, నిలువుగా పదకొండు. అందులో నాలుగు నల్లగడులు ఉండకూడని చోట ఉంటాయి. ఆయన తల వంచుకుని నాలుగు చెంబులు గుమ్మరించుకుని బయటపడతాడు.

"ఏందండీ, కాకిస్నానమేనా?" అంటుంది భార్య జమున.

"నీళ్ళు సల్లగున్నయి" అంటాడాయన. ఎండాకాలంలో కూడా అదే మాట. జమున అంత అమాయకురాలు కాదు గానీ, పెళ్ళయి నలభై ఏళ్ళు దాటాక మొగుడి ప్రతి అబద్ధాన్నీ పట్టుకుని కూర్చుంటే పొయ్యి మీద పప్పు మాడుతుందని ఆమెకు తెలుసు.

వామన్‌రావుకు ఇప్పుడు డెబ్బై. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో ముప్పై నాలుగేళ్ళు ఉత్తరాలు వేరుచేసే పని చేశాడు. ఎదురుగా చెక్క అరల బీరువా, ఒక్కో అరకు ఒక్కో పేట. గౌలిగూడ, కాచిగూడ, కుత్బిగూడ, బర్కత్‌పుర. చేతిలోని కట్టలోంచి కవరు తీయడం, చూపు పడీ పడకముందే అరలో వేయడం. అలా చేసీ చేసీ ఆయన తలలో కూడా అలాంటి అరలే తయారయ్యాయి. ఊళ్ళో సగం మంది అడ్రసులు ఆయనకు నోటికి వచ్చు. మనిషి మొహం చూసి పేరు చెప్పలేడు గానీ, పేరు చెబితే వీధి చెబుతాడు.

ఆ అరల్లోంచే ఆయనకు గళ్ళ పిచ్చి పట్టుకుంది. 'పట్నం రేఖ' అని నాంపల్లిలో ఒక మేడ మీద నడిచిన చిన్న దినపత్రిక ఉండేది. ఊరి వార్తలు, చిట్‌ఫండ్ ప్రకటనలు, చావు కబుర్లు. తొంభై ఆరులో ఒక ఆదివారం నుంచి అందులో గళ్ళనుడికట్టు మొదలైంది. తయారుచేసేది వామన్‌రావు. కింద చిన్న అక్షరాలతో ఆయన పేరు వేసేవారు. ఆ చిన్న అక్షరాలే ఆయనకు సన్మానపత్రం. ఆదివారం పొద్దున్నే పేపర్ మడిచి, సరిగ్గా పేరు పైకి కనిపించేలా చంకలో పెట్టుకుని ఇరానీ హోటల్‌కు పోయేవాడు.

ఆయన పద్ధతి ఆయనది. మొత్తం పద్నాలుగు గళ్ళ నమూనాలు గీసి పెట్టుకున్నాడు. ఏ నమూనాలో నల్లగడులు ఎక్కడెక్కడ పడాలో పత్రిక ఆఫీసులో కంప్యూటర్‌లో ఎక్కించి ఉంచారు. వారానికొకటి, వరస తప్పకుండా వాడాలి. ఆయన ఆధారాలు రాసిన కాగితం పైన నమూనా నంబరు ఒక్కటి వేసి మంగళవారం ఇచ్చి వస్తే చాలు, వాళ్ళు ఆ గళ్ళు తీసి అచ్చు వేసేవారు. జవాబు ఎన్ని అక్షరాలో మాత్రం ఆధారం పక్కన చెప్పేవాడు కాదు. అది చెబితే ఇక పూరించేవాళ్ళకు పనేముందని ఆయన గర్వం.

గర్వం అన్నాను కదా, అది అక్కడితో ఆగలేదు. "ఇరవై ఒక్క ఏళ్ళల్ల నా గళ్ళల్ల ఒక్క తప్పు దొరికిందా? దొరికితే మీసం తీసేస్త" అని హోటల్లో చాయ్ తాగుతూ అనేవాడు. ఆయన మూతి మీద తీసేంత మీసం ఏనాడూ లేదు, అది వేరే సంగతి.

సరైన సమాధానాలు పోస్టుకార్డు మీద రాసి పంపినవాళ్ళ పేర్లు తరువాతి ఆదివారం గళ్ళ కింద వేసేవారు. వారానికి ముప్పై నలభై కార్డులు. అందరికన్నా ముందు సోమవారమే వచ్చే కార్డు ఒకటి ఉండేది. అహల్య, లెక్కల టీచర్, కుత్బిగూడ. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. కింద మూలలో ఎంతసేపు పట్టిందో రాసేది. 18 నిమిషాలు. 16 నిమిషాలు. ఎప్పుడైనా ఒక మాట, 'నిలువు 14 బాగుంది' అని. ఆ రోజు వామన్‌రావు ఆ కార్డు జమునకు రెండుసార్లు చదివి వినిపించేవాడు. పదకొండేళ్ళు ఆ కార్డు తప్పలేదు. ఆమెను ఆయన చూసింది లేదు. చూడాలని కూడా అనుకోలేదు, అడ్రసు తెలుసు కదా, అది చాలు ఆయనకు.

రెండువేల పదిహేడులో ఒక వారం, వరస ప్రకారం పన్నెండో నమూనా రావాలి. కానీ ఆ వారం ఆయనకు తోచిన ఒక పొడుగు మాట పన్నెండులో పట్టలేదు. పదకొండూ పన్నెండూ కవల పిల్లల్లాంటివి, మధ్యలో నాలుగు నల్లగడులే తేడా. సరేలే అని పదకొండులోనే అల్లాడు. అల్లి, తిన్నగా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, కాగితం పైన అలవాటు కొద్దీ 'నమూనా 12' అని రాసి ఇచ్చి వచ్చాడు.

ఆదివారం పేపర్ విప్పగానే తెలిసింది. ఆధారాలు పదకొండువి, అచ్చయిన గళ్ళు పన్నెండువి. చుట్టూ మాటలు పూరించవచ్చు, మధ్యలోకి వచ్చేసరికి ఏదీ కుదరదు. ప్రపంచంలో ఏ పండితుడూ ఆ గళ్ళు పూర్తి చేయలేడు. ఆ తప్పు ఒప్పుకోవడానికి ఒక్క వాక్యం చాలు, తరువాతి ఆదివారం మూలలో చిన్న సవరణ వేస్తే అయిపోయేది. కానీ పత్రికకు అప్పుడే కొత్త ఎడిటర్ వచ్చాడు. ఈ గళ్ళు తీసేసి అంకెల ఆటలు వేద్దాం, అవి కంప్యూటర్‌లో ఊరికే వస్తాయని అతను రెండుసార్లు అని ఉన్నాడు.

"వామన్‌రావుగారూ, మూడు ఫోన్లు వచ్చినయి. తప్పేమన్న పడ్డదా?" అని అడిగాడు ఎడిటర్.

"తప్పేం లేదు. ఈసారి జర గట్టిగ ఇచ్చిన" అన్నాడు వామన్‌రావు.

తరువాతి ఆదివారం జవాబులు పదకొండో నమూనాలో వేయించాడు. పోయిన వారం పేపర్ ఎవరి ఇంట్లో ఉంటుంది? ఇస్త్రీ బట్టల కిందికో, మిర్చి బజ్జీల కిందికో పోయి ఉంటుంది. ఎవరూ పోల్చి చూడరని ఆయన ధైర్యం. ఎవరూ చూడలేదు కూడా, ఒక్కరు తప్ప.

ఆ సోమవారం కుత్బిగూడ నుంచి కార్డు రాలేదు. బుధవారం వచ్చింది, మామూలు కార్డు కాదు, జవాబు కార్డు. రెండు కార్డులు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. మనం ఒకదాని మీద రాసి, రెండో దాని మీద మన అడ్రసు మనమే రాసి పంపితే, అందుకున్నవాళ్ళు ఆ రెండోది చింపి, జవాబు రాసి డబ్బాలో వేస్తారు. తప్పకుండా జవాబు కావాలనుకునేవాళ్ళు తప్ప అది ఎవరూ వాడరు. ఆ సంగతి వామన్‌రావుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

'అయ్యా, నేను పేపర్ కొనను. మా బడి దగ్గర రీడింగ్ రూంలో చూసి గళ్ళు నోటుబుక్కులో ఎత్తి రాసుకుంటాను. అక్కడ కత్తిరించనివ్వరు. పోయిన ఆదివారం నేను రాసుకున్న గళ్ళకూ, ఈ వారం మీ జవాబు గళ్ళకూ నాలుగు నల్లగడులు తేడా ఉన్నాయి. పాత పేపర్ చూద్దామంటే ఆ పేజీ ఎవరో చింపుకుపోయారు. తప్పు అచ్చులో పడిందా, నేను ఎత్తి రాయడంలో పడిందా? దయచేసి చెప్పండి. ఇది తెలియడం నాకు చాలా అవసరం.'

చివరి వాక్యం దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగాడు. గళ్ళల్లో అంత అవసరం ఏముంటుందని అనుకున్నాడు. నిజం రాస్తే ఆమె ఎవరికైనా చెప్పవచ్చు, అది పత్రికకు చేరవచ్చు, ఎడిటర్ సంతోషంగా గళ్ళు ఎత్తేయవచ్చు. కూర్చుని చక్కటి దస్తూరితో రాశాడు. 'గడులు సరిగానే అచ్చయ్యాయి. తమరు ఎత్తి రాసుకోవడంలో పొరపాటు జరిగి ఉంటుంది.' రాసి, అబిడ్స్ దాకా నడిచిపోయి, తాను జీవితమంతా పనిచేసిన ఆఫీసు ముందున్న ఎర్ర డబ్బాలో తన చేత్తోనే వేశాడు.

ఆ తరువాత ఆమె కార్డు రాలేదు. ఒక వారం, రెండు వారాలు. సోమవారం కట్ట విప్పి గుండ్రటి అక్షరాల కోసం వెతికేవాడు. ముప్పై కార్డులున్నా ఆయన కళ్ళకు కట్ట ఖాళీగా కనిపించేది. ఆయన మనసులో పురుగు తొలవడం అప్పుడు మొదలైంది. అప్పుడే ఒక ఉపాయం తోచింది. ఆమె కార్డు రాకపోయినా సరైన సమాధానాల జాబితాలో మొదటి పేరుగా 'అహల్య, కుత్బిగూడ' అని వేయించాడు. రీడింగ్ రూంలో చూసుకుంటుంది, పాపం, సంతోషపడుతుంది, మళ్ళీ రాస్తుంది అనుకున్నాడు. అట్లా ఐదు వారాలు వేయించాడు. రాసిన అబద్ధం గుర్తొచ్చినప్పుడల్లా ఈ ఐదు వారాల సంగతి కూడా గుర్తు చేసుకుని, ఏదో ఒక మంచి కూడా చేశాను కదా అని సర్దిచెప్పుకునేవాడు. ఆరో వారం ఆశ వదులుకున్నాడు. పన్నెండో నమూనాను మాత్రం మళ్ళీ ఎన్నడూ వాడలేదు. కరోనా వచ్చిన ఏడాది గళ్ళు ఆగిపోయాయి, మరుసటి ఏడాది పత్రికే ఆగిపోయింది. అబద్ధం ఆడి కాపాడుకున్నది మూడేళ్ళు కూడా దక్కలేదు.

గళ్ళు పోయినా గడులు పోలేదు. బస్సు కిటికీ కడ్డీల్లో, ఫుట్‌పాత్ రాళ్ళల్లో, హోటల్ బల్ల మీది గీతల గుడ్డలో, ఎక్కడ చూసినా ఆ నాలుగు నల్లగడులు వచ్చి కూర్చునేవి. పక్కనే 'చాలా అవసరం' అన్న గుండ్రటి అక్షరాలు. ఏమిటా అవసరం అని ఏడేళ్ళు ఆయన తనను తాను అడుగుతూనే ఉన్నాడు. కుత్బిగూడ బస్సెక్కితే పావుగంట. ఒక్కనాడూ ఎక్కలేదు.

జవాబు అబిడ్స్‌లోనే దొరికింది. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలు పరుస్తారు. వామన్‌రావు పాత నిఘంటువుల కోసం ఏళ్ళుగా తిరిగే చోటు అది. పరశురాం అనే పుస్తకాలాయన ఈయనను దూరం నుంచే చూసి కేకేశాడు.

"సార్, మీ గళ్ళ పిచ్చోళ్ళు ఇంకొకళ్ళు దొరికిన్రు. రద్దీ కాగితాలల్ల వచ్చినయి, చూడుండ్రి" అని రెండు లావు నోటుబుక్కులు చేతిలో పెట్టాడు.

అట్ట మీద పేరు లేదు. తెరవగానే వామన్‌రావుకు పేరు అక్కరలేకపోయింది. ఎండలో నిలబడే పేజీలు తిప్పాడు. ప్రతి పేజీలో స్కేలుతో గీసిన గళ్ళు, పెన్సిల్‌తో నింపిన నల్లగడులు, తారీఖు, పట్టిన సమయం. అన్నీ తాను అల్లినవే. ఏళ్ళ తరబడి ఒక మనిషి తన ఆదివారాలను తన గళ్ళతో నింపుకుంది. ఆయన ఎండలోంచి కదలకపోవడం చూసి పరశురాం స్టూలు జరిపాడు.

రెండో పుస్తకం సగానికి పైన ఆ పేజీ వచ్చింది. గళ్ళు సరిగ్గా పన్నెండో నమూనా. ఒక్క గడి కూడా అటూ ఇటూ కాలేదు, అచ్చులో ఎట్లా పడిందో అట్లాగే ఎత్తి రాసుకుంది. మధ్యలో రాసి, చెరిపి, మళ్ళీ రాసి కాగితం చిరిగింది. పక్కన '2 గంటలు. రాలేదు' అని ఉంది. దాని కింద మరునాటి తారీఖు, 'రాలేదు'. కింద వేరే రోజు సిరాతో రాసిన రెండు వరసలు. 'జవాబు వచ్చింది. తప్పు నాదే. అమ్మకు గిట్లనే మొదలైంది.'

ఆ తరువాతి పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

ఇంటికి వచ్చి జమున ముందు ఆ పేజీ తెరిచి పెట్టాడు. ఏడేళ్ళు దాచినదంతా చెప్పాడు. జమున నోటుబుక్కు మూసి దాని మీద చెయ్యి వేసింది.

"గా అబద్ధం ఎందుకాడిన్రో నాకు తెలుసు" అంది. "మీ పేరు పోతదని. ఇప్పుడు పేపరే లేదు, పేరెక్కడుంది? రేపు పొద్దుగాల పోయి చెప్పి రండి."

"ఉన్నదో లేదో. ఉన్నా, గింత కాలానికి పోయి..."

"ఉంటే చెప్తరు. లేకుంటే ఇంట్ల ఎవరుంటే వాళ్ళకు చెప్తరు. నన్ను మాత్రం మళ్ళ అడగకుండ్రి."

సోమవారం పొద్దున ఆయన కాచిగూడ వైపు బస్సెక్కాడు. అడ్రసు చూసుకోవలసిన పని లేదు, తలలోని అరలో భద్రంగానే ఉంది. లాడ్జీలు దాటి, పిండిగిర్ని దాటి, రెండో సందులో మూడంతస్తుల ఇల్లు. మెట్లెక్కాడు. ఏ మెట్టు మీదైనా వెనక్కి తిరగవచ్చని మనసు చెబుతూనే ఉంది.

తలుపు తీసింది యాభై దాటిన ఆవిడ. అహల్యకు చెల్లెలట, రజని. "అక్క కోసమా?" అని ఆశ్చర్యంగా చూసింది. "ఎవరొచ్చినా మాట్లాడదు. మీరెవరు?"

"'పట్నం రేఖ'ల గళ్ళు చేసెటోణ్ణి. వామన్‌రావు."

లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. "రానియ్ రజనీ."

అహల్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అరవై రెండేళ్ళుంటాయి, సన్నటి మనిషి, జుట్టు పూర్తిగా నెరిసింది. చూపు మాత్రం క్లాసులో వెనక బెంచీ దాకా పోయే చూపు. ఆమె తలపైన గోడకు సెల్లోటేపుతో అంటించిన పోస్టుకార్డు పసుపుపచ్చగా మారి ఉంది. దాని మీద తన దస్తూరి.

"రోజు పొద్దున లేవంగనే చదువుత" అంది అహల్య, ఆయన చూపు చూసి. "నా తల మీద నేను నమ్మకం పెట్టుకోవద్దని. కూసోండి సార్."

ఆయన కూర్చోలేదు. చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. మొన్న దసరాకు ఇల్లు దులిపినప్పుడు రద్దీకి వేశానని రజని గొణిగింది.

"అమ్మా, మీరు ఎత్తి రాసుకున్నది సరైనదే" అన్నాడు వామన్‌రావు. "గళ్ళే తప్పు. నంబర్ తప్పు వేసి ఇచ్చింది నేను. మీ కార్డు వచ్చేనాటికే నాకు ఎరుక. ఎరుకుండి కూడ అబద్ధం రాసి పంపిన. నా పేరు పోతదని."

ఆయనకని నీళ్ళు తెచ్చిన రజని గ్లాసు ఇవ్వలేదు. అహల్య నోటుబుక్కులో ఆ పేజీ తెరిచి, నల్లగడులను వేలితో ఒక్కొక్కటే తడిమింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ఆయన ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"మా అమ్మకు యాభై ఆరేండ్లకే మతిమరుపు మొదలైంది" అంది ఆమె నెమ్మదిగా. "ముందు లెక్కలు తప్పింది, తర్వాత దారి తప్పింది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అని అడిగింది. నాకు గూడ గదే వస్తదేమో అని భయం. వారం వారం మీ గళ్ళు పెట్టుకుని నన్ను నేను చూసుకునేదాన్ని. ఇరవై నిమిషాలల్ల అయిపోతె ఇంకో వారం ఫికర్ లేదు."

"తెల్వదమ్మా. నాకు తెల్వదు."

"మీకెట్ల తెలుస్తది. అయినా సార్, గళ్ళ సంగతి ఒక్కటే అయితే నేను తట్టుకుందును. ఒకసారి చెయ్యి తప్పింది అనుకుని ఊకుందును." ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "మీ జవాబు వచ్చినంక కొన్నాళ్ళు కార్డులు పంపొద్దనుకున్న. పంపలే. కాని పేపర్ల నా పేరు వచ్చింది, మొదటి పేరు. పంపలేదని నేననుకుంటున్న, పేరేమో వచ్చింది. రజనిని అడిగిన, నాకేం తెలుసు అంది. సొరుగుల ఖాళీ కార్డులు చూసిన, మొదలు ఎన్ని ఉండెనో యాదికి లేదు. బడికి పోయే తోవలనే డబ్బా. ఎప్పుడు రాసిన్నో, ఎప్పుడు వేసిన్నో. మా అమ్మ గూడ గిట్లనే, చేసిన పని చెయ్యలేదు అనేది. తర్వాతి వారం మళ్ళ వచ్చింది. ఐదు వారాలు వచ్చింది. ఐదో వారం బోర్డు మీద లెక్క ఎత్తి రాసుకుంట, సరిగ్గ రాస్తున్ననో లేదో అని చేతిల సుద్ద ఆపేసిన. మర్నాడు రాజీనామా ఇచ్చిన. ఇంకా మూడేండ్ల సర్వీసు ఉండె."

ఇన్నేళ్ళూ వామన్‌రావు తాను చేసిన మంచి అని దాచుకున్నది ఒక్కటే. అదే ఈ మనిషిని ఈ కుర్చీలో కూర్చోబెట్టింది.

"డాక్టర్‌కు చూపిస్తే ఏం లేదన్నడు" అంది రజని, ఎవరికి చెప్పాలో తెలియనట్టు. "నమ్మదు. పంపిన కార్డు నాకే గుర్తు లేదు, ఆయనకేం తెలుసు అంటది. ఏడేండ్లాయె, నేను లేకుండ గడప దాటక."

"మతిమరుపు వస్తది వస్తది అని చూసుకుంట కూసున్న" అంది అహల్య. "రాలే. రోజు పొద్దున కార్డు చదువుత, ఎక్కాలు చెప్పుకుంట, రోడ్డు పేర్లు చెప్పుకుంట. అన్ని గుర్తుంటయి. గుర్తున్నా నమ్మకం లేదు. సార్, ఒక్క మాట అడుగుత, నిజం చెప్పండి. గా ఐదు కార్డులు నేను పంపిన్నా?"

పంపారు అంటే అయిపోతుంది. కార్డులు ఎక్కడా లేవు, పత్రిక లేదు, ఎడిటర్ ఏ ఊళ్ళో ఉన్నాడో తెలియదు. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసిన మనిషి వామన్‌రావు ఒక్కడే. ఒక అబద్ధం ఒప్పుకుని పెద్దమనిషి అనిపించుకుని మెట్లు దిగిపోవచ్చు. ఆ ఆలోచన ఆయనకు రాలేదని చెబితే అది నేనాడే అబద్ధం అవుతుంది. వచ్చింది. వచ్చి, ఆమె కళ్ళ ముందు నిలబడలేకపోయింది.

"పంపలేదమ్మా. ఒక్కటి కూడ రాలేదు" అన్నాడు. "నేనే వేయించిన. మీరు చూసి సంతోషపడతరని. మళ్ళ రాస్తరని."

కింద సందులో ఉల్లిగడ్డల బండి మైకు అరుచుకుంటూ వెళ్ళిపోయింది. అహల్య లేచి, గోర్లతో టేపు గీకి, గోడ మీది కార్డు తీసింది. అది ఉన్నచోట సున్నం తెల్లగా బయటపడింది. కార్డునూ పెన్నునూ ఆయనకు అందించింది.

"కింద జాగ ఉంది. ఇప్పుడు చెప్పిన రెండు మాటలు రాయండి. తారీఖు వేయండి."

ఆయన కిటికీ గట్టు మీద పెట్టి రాశాడు. 'పై మాట అబద్ధం. గడులు తప్పు, మీరు ఎత్తి రాసింది సరైనది. తరువాతి ఐదు వారాలు మీ కార్డులు రాలేదు, పేరు నేనే వేయించాను.' సంతకం చేశాడు. అక్షరాలు వంకర పోయాయి. ఆమె అది తీసుకుని పరీక్ష పేపర్ దిద్దినట్టు మాట మాటా చూసింది. 'క్షమించండి' అన్న మాట నోటి దాకా వచ్చింది ఆయనకు. కానీ ఆమె అడగని మాట అది.

కార్డును హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని అహల్య మూలనున్న చెప్పులు వేసుకుంది.

"అక్కా, ఏడికి?" అంది రజని.

"నాంపల్లికి. మా బడి దాకా పోయొస్త."

"ఆగు, చీర మార్చుకుని నేనూ వస్త."

"వద్దు. ఒక్కదాన్నే పోత."

రజని చేతిలోని గ్లాసు కింద పెట్టి, కొంగుతో నోరు నొక్కుకుంది. అహల్య మెట్లు దిగుతుంటే వామన్‌రావు నాలుగు మెట్ల వెనకే దిగాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ఆయనను చూడలేదు. సందు మలుపులో ఒక్క క్షణం ఆగింది. ఎడమకా, కుడికా అని పెదాలు కదిలాయి. కుడికి తిరిగింది. అది సరైన దారే.

బస్టాపులో జనం. ఏడేళ్ళల్లో బస్సుల నంబర్లు మారాయి, రంగులు మారాయి. ఆడవాళ్ళకు ఇప్పుడు టికెట్ లేదన్న సంగతి కూడా ఆమెకు తెలుసో లేదో. వచ్చిన ప్రతి బస్సు నంబరూ చూసి వెనక్కి జరిగింది. రెండు బస్సులు పోయాయి. రెండోది నాంపల్లికి పోయేదే. వామన్‌రావు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. ఈ ఊళ్ళో ఏ వీధికి ఏ బస్సు పోతుందో ఆయనను మించి తెలిసినవాళ్ళు లేరు. ఆయన చెయ్యి సగం లేచింది.

ఆమె అటూ ఇటూ చూసింది. ఆయన మీద చూపు ఆగింది. తరువాత తల తిప్పుకుని, పక్కన పూలు కడుతున్న ముసలామె దగ్గరికి వంగింది.

"అవ్వా, నాంపల్లికి ఏ బస్సు ఎక్కాలె?"

ముసలామె దండ ఆపకుండానే వస్తున్న బస్సును గడ్డంతో చూపించింది. అహల్య ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుని, బ్యాగు తెరిచి కార్డు ఉందో లేదో చూసుకుంది. బస్సు కదిలేదాకా వామన్‌రావు అక్కడే నిలబడ్డాడు.